స్లీవ్ ఆపరేషన్ అయిన ఐదు నెలలకే నెల తప్పింది, ఉంచుకోవచ్చా?

విజయవాడ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వయసు 29. పెళ్ళయి ఆరేళ్ళు, పీసీఓడీ ఉంది, పిల్లలు లేరు. ఐదు నెలల క్రితం బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకుంది. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 84. ఎత్తు 158 సెంటీమీటర్లు. ఏడాదిన్నర దాకా గర్భం వద్దని సర్జన్ చెప్పారు. ఆరేళ్ళుగా రానిది ఇప్పుడేం వస్తుందిలే అనుకుని భార్యాభర్తలిద్దరూ ఏ జాగ్రత్తా తీసుకోలేదు. ఇప్పుడు టెస్టులో రెండు గీతలు వచ్చాయి. స్కాన్‌లో ఏడు వారాలు, బిడ్డ గుండె కొట్టుకోవడం కూడా కనిపించింది. అత్తగారేమో దేవుడిచ్చాడంటున్నారు. బంధువుల్లో ఒకావిడ, ఆ కడుపులో బిడ్డ ఎదగదు, తీయించేయమంటోంది. సర్జన్ దగ్గరికి వెళ్తే తిడతారని భయం. "ఉంచుకోవచ్చా? బిడ్డకి ఏమైనా అవుతుందా? ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగింది.

నేను గుంటూరు కొత్తపేటలో ఇరవై ఏళ్ళ పైగా గైనకాలజీ ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ మధ్య బరువు ఆపరేషన్ అయినవాళ్ళు కాన్పులకి బాగానే వస్తున్నారు. వాళ్ళను చూసిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తానమ్మా. ఆపరేషన్ అయి ఐదు నెలలే అయిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోవాల్సిన అవసరం లేదు. ఇలా ముందే నెల తప్పినవాళ్ళలో చాలామందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. అయితే దీన్ని మామూలు గర్భంలా వదిలేయకూడదు. ఈ వారంలోనే రక్తపరీక్షలు, విటమిన్లు మొదలుపెట్టాలి. గైనకాలజిస్టు, మీ సర్జన్ ఇద్దరూ చూడాలి. నాకు మీ విషయంలో క్యాలెండర్ కంటే వాంతులంటేనే ఎక్కువ భయం. దాని గురించి కింద వివరంగా రాస్తాను, అది మాత్రం తప్పకుండా చదవండి.

గర్భం వద్దనుకుంటే అది పూర్తిగా మీ ఇష్టం. మన చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 18 ఏళ్ళు నిండిన స్త్రీకి తన సంతకం తప్ప భర్తది గానీ అత్తగారిది గానీ అక్కర్లేదు. కానీ ఆ నిర్ణయం మీరు తీసుకోవాలి, బంధువు మాటకి భయపడి కాదు. మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో వేసుకోవడం మాత్రం వద్దు. రక్తం ఎక్కువ పోతే, ఆపరేషన్ తర్వాత అసలే ఐరన్ తక్కువగా ఉన్న ఒంటికి తేరుకోవడం కష్టం.

ఇక ఏడాదిన్నర ఆగమని ఎందుకంటారో చెప్తాను. స్లీవ్‌లో పొట్ట సంచిని ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. మొదటి ఏడాదంతా మీరు తినేది పిడికెడు. ఒళ్ళు తన కొవ్వును తానే కరిగించుకుంటూ బతుకుతుంది. ఐరన్, బీ12, డి విటమిన్, ప్రొటీన్ నిల్వలు తగ్గే కాలం ఇదే. ఆ సమయంలో కడుపులో ఇంకో ప్రాణం చేరితే ఇద్దరికీ చాలదేమో అన్నదే డాక్టర్ల భయం. అందుకే 12 నుంచి 18 నెలలు, కొందరు రెండేళ్ళు ఆగమంటారు. బరువు ఒకచోట నిలిచాక నిల్వలు చూసుకుని, తక్కువైనవి నింపుకుని గర్భం తెచ్చుకోవచ్చని ఆ లెక్క. 17వ నెలలో నెల తప్పితే ప్రమాదం, 18వ నెలలో అయితే క్షేమం అని దాని అర్థం కాదు. ఏడాదిలోపు గర్భం వచ్చినవాళ్ళ మీద జరిగిన పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పవు. కొన్నింటిలో నెలలు నిండని కాన్పులు, చిన్న పిల్లలు ఎక్కువ కనిపించారు, కొన్నింటిలో పెద్ద తేడా లేదు. నా దగ్గరికొచ్చిన వాళ్ళలో తేడా వచ్చింది ఎక్కువగా నెలల వల్ల కాదు. విటమిన్లు వేసుకున్నారా, వాంతులు అదుపులో ఉన్నాయా అన్నదాని వల్లే.

మీ బంధువు మాటలో కొంచెం నిజం ఉంది. అదెంతో తెలిస్తే భయం తగ్గుతుంది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో స్వీడన్ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. బరువు ఆపరేషన్ అయిన తల్లులను, అంతే బరువుండి ఆపరేషన్ చేయించుకోని తల్లులతో పోల్చారు. ఆపరేషన్ అయినవాళ్ళలో నూటికి రమారమి 16 మంది పిల్లలు నెలలకు తగ్గ బరువు లేకుండా పుట్టారు. రెండోవైపు అది 8 మంది. మరోపక్క, గర్భంలో వచ్చే షుగరు ఆపరేషన్ అయినవాళ్ళలో నూటికి ఇద్దరికే వచ్చింది, కానివాళ్ళలో దాదాపు ఏడుగురికి. మరీ పెద్ద పిల్లలు పుట్టడం కూడా సగానికి పైగా తగ్గింది. ఆ పరిశోధనలో దాదాపు అందరిదీ బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్నది చేసి పేగును వేరేచోట కలిపే బరువు ఆపరేషన్), మీది స్లీవ్, కాబట్టి అంకెలు అచ్చంగా మీకు వర్తించవు. విషయం మాత్రం అదే. మీరు 112 కిలోలతో గర్భం మోసి ఉంటే బీపీ, షుగరు, కాన్పులో కష్టాలు ఎక్కువగా ఉండేవి. అవి ఇప్పుడు తగ్గాయి. బిడ్డ కాస్త చిన్నగా ఉండే అవకాశం పెరిగింది. అందుకే మీకు స్కాన్లు ఎక్కువ తీస్తాం.

ఆరేళ్ళు రానిది ఇప్పుడెలా వచ్చిందని మీరు అడగలేదు గానీ, చెప్పాలి. పీసీఓడీలో ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉండి అండం సరిగా విడుదల కాదు. ఆపరేషన్ తర్వాత ఇన్సులిన్ వారాల్లోనే దిగొస్తుంది. బరువు పూర్తిగా తగ్గకముందే అండాలు విడుదల కావడం మొదలవుతుంది. పిల్లల్లేరని తిరిగి తిరిగి విసిగిపోయిన జంటలకే ఇది ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే వాళ్ళకి జాగ్రత్త పడాలన్న ఆలోచనే రాదు. ఆపరేషన్‌కి ముందు సంతకాలు పెట్టించుకునే కాగితాల్లో ఈ మాట ఉంటుంది. కానీ ఎదురుగా కూర్చోబెట్టి ఇప్పుడే కాపర్-టీ వేయించుకోమని చెప్పేవాళ్ళు తక్కువ. ఆ తప్పు మా డాక్టర్లది కూడా. కాబట్టి సర్జన్ తిడతారని ఆగకండి. తిట్టినా ఒక నిమిషం, ఆ తర్వాత ఆయనే సాయం చేస్తారు. మీకు ఏ ఆపరేషన్ చేశారో, ఎంత పొట్ట మిగిల్చారో ఆయనకే తెలుసు. ఆ డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ తీసి, గైనకాలజీ ఫైల్లో మొదటి కాగితంగా పెట్టండి. మీ విజయవాడ సూర్యారావుపేటలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, అర్ధరాత్రి ఏ హాస్పిటల్లో చేరినా ముందు అదే చూపించాలి.

ఒక సంగతి. మీకు ఏడు వారాల్లోనే తెలియడం అదృష్టం. రెండేళ్ళ క్రితం తెనాలి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. నెలసరి ఎప్పుడూ సరిగా రాదు కాబట్టి రాకపోయినా పట్టించుకోలేదు. వాంతులైతే ఆపరేషన్ వల్ల అనుకుంది. పొట్ట కాస్త గట్టిగా తగిలితే గ్యాస్ అనుకుంది. నా దగ్గరికొచ్చేసరికి బిడ్డకి 17 వారాలు. అప్పటిదాకా ఒక్క ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా పడలేదు. పైగా బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటూనే ఉంది. అది గర్భంలో వాడకూడని మందు. ఆ రోజే మార్చాం, బిడ్డ క్షేమంగానే పుట్టింది. కానీ బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫ్ఫా స్కాన్ రిపోర్టు చేతికొచ్చేదాకా వాళ్ళమ్మకి, నాకూ కంటిమీద కునుకు లేదు. మీరు బీపీకి, షుగరుకి, కొలెస్ట్రాల్‌కి ఏ మందు వాడుతున్నా రేపే డాక్టరుకి చూపించండి. మీ అంతట మీరు ఆపేయొద్దు, బదులుగా వేరేది రాయించుకోవాలి. బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే అవి కూడా ఆపాలి. ఆపరేషన్ తర్వాత పిత్తాశయంలో రాళ్ళు రాకుండా ఇచ్చే మాత్ర ఉంటే, కొనసాగించాలో వద్దో సర్జన్‌ని అడగండి.

ఇప్పుడు వాంతుల సంగతి.

ఏడో వారం నుంచి వేవిళ్ళు ముదురుతాయి. మామూలు గర్భవతికి వాంతులైతే చాలావరకు నీరసంతోనే పోతుంది. మీ విషయంలో మాత్రం, రోజూ నాలుగైదు వాంతులై వారం పది రోజులు ఏమీ నిలవకపోతే బీ1 విటమిన్ అడుగంటుతుంది. దాన్నే థయామిన్ అంటారు. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అసలే పిడికెడు తిండి, అందులో తెల్లన్నం, ఆపైన వాంతులు. బ్రిటిష్ కాలంలో మన కోస్తా జిల్లాల్లో పాలిష్ బియ్యం తిని బెరిబెరి వచ్చేది. అది కూడా ఈ థయామిన్ లోపమే. పాత జబ్బు కొత్త ఆపరేషన్ల ద్వారా మళ్ళీ వస్తోందన్నమాట.

థయామిన్ లేకపోతే మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, కళ్ళు అదోలా కదలడం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. ఆలస్యం చేస్తే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. అన్నింటికంటే భయపడాల్సింది ఏమిటంటే, ఈ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయామిన్ కూడా ఖర్చయిపోయి గంటల్లోనే పరిస్థితి విషమిస్తుంది. మన దగ్గర వాంతులు అనగానే వీధి చివర క్లినిక్‌లో ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టించడం అలవాటు. నా దగ్గరికి ఒకామెను అలా రెండు బాటిళ్ళు ఎక్కాకే తీసుకొచ్చారు. బైపాస్ అయి ఏడు నెలలు, పదో వారం గర్భం. నీరసమనుకుని భర్త భుజం పట్టుకుని నడిపిస్తున్నాడు. గదిలోకి రాగానే నా ముఖం రెండుగా కనిపిస్తోందంది. వెంటనే నరంలోకి థయామిన్ ఇచ్చాం, న్యూరాలజిస్టును పిలిపించాం. నాలుగు రోజుల్లో చూపు కుదురుకుంది. నడక కుదరడానికి నెలన్నర పట్టింది. ఇంకో రోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో.

కాబట్టి ఇది ఫోన్‌లో రాసిపెట్టుకోండి, మీవారికి కూడా చెప్పండి: "నాకు బరువు ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ పెట్టే ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వండి." సెలైన్ పెట్టాల్సి వస్తే ముందు ఈ మాట చెప్పాలి. రెండు రోజులు వరసగా ఏమీ నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులోకి వచ్చినా ఇంట్లో కూర్చోవద్దు. వాంతులకు గర్భంలో ఇవ్వదగ్గ మాత్రలున్నాయి. ఓర్చుకుంటానని మొండికేయకండి, రాయించుకోండి.

పరీక్షల గురించి క్లుప్తంగా చెప్తాను. ఇప్పుడు సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్, డి విటమిన్, కాల్షియం, ఆల్బుమిన్, థైరాయిడ్, షుగరు చేయించండి. వీలుంటే ఎ విటమిన్ కూడా. వీటిలో పోషకాలకు సంబంధించినవి మూడు నెలలకోసారి మళ్ళీ చేయించాలి. హిమోగ్లోబిన్ బాగుందని ఫెరిటిన్ మానేయకండి. నిల్వ ఖాళీ అయ్యాక గానీ హిమోగ్లోబిన్ పడదు.

మాత్రల విషయంలో చాలామంది పొరపాట్లు చేస్తారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మీ బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) ఇంకా 33 దాటే ఉంది కాబట్టి ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర మొదటి మూడు నెలలు రాసే అవకాశం ఎక్కువ. దానితోపాటు బీ12 తప్పనిసరి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే బీ12 లోపం రక్తపరీక్షలో దాక్కుంటుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. పొట్టలో యాసిడ్, బీ12ను పట్టుకునే పదార్థం రెండూ స్లీవ్ తర్వాత తగ్గుతాయి కాబట్టి నేనైతే మాత్రలను నమ్ముకోకుండా ఇంజెక్షన్ ఇస్తాను. శాకాహారులైతే మరీనూ.

ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకండి. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ వేసుకున్నాక టీ కాఫీలు తాగొద్దు. మన షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది, ప్రభుత్వ ఆసుపత్రిలో పంచేది కాల్షియం కార్బొనేట్. అది ఒంటికి పట్టాలంటే పొట్టలో యాసిడ్ కావాలి, మీకది తక్కువ. కాల్షియం సిట్రేట్ అని పేరు చూసి అడగండి. ఐరన్ మాత్ర పడకపోతే, వేసుకున్నా ఫెరిటిన్ పెరగకపోతే మూడో నెల దాటాక నరంలోకి ఐరన్ ఎక్కిస్తాం. ఆపరేషన్ అయినవాళ్ళలో నేను దానికి త్వరగానే వెళ్తాను. అరగని మాత్రలతో మూడు నెలలు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇంకో చిన్న విషయం. సర్జన్ ఇచ్చిన మల్టీవిటమిన్ డబ్బా వెనక చదవండి. ఎ విటమిన్ రెటినాల్ రూపంలో ఎక్కువ మోతాదులో ఉంటే గర్భంలో బిడ్డకి మంచిది కాదు. బీటా కెరొటీన్ రూపంలో ఉన్నదానికి మార్పించుకోండి. అంతే గానీ భయపడి అన్ని విటమిన్లూ ఆపేయడం ఇంకా పెద్ద తప్పు.

తిండి సంగతికొస్తే, మీ ఇంట్లో యుద్ధం మొదలయ్యేది ఇక్కడే. అత్తగారు, అమ్మ ఇద్దరూ "ఇద్దరి తిండి తినాలి" అంటారు. మీ పొట్టలో ఒకసారికి పట్టేది ఓ చిన్న గిన్నెడు. బలవంతాన ఇంకో ముద్ద పెడితే అది వాంతి రూపంలో బయటికొస్తుంది, దానితోపాటు తిన్నదంతా పోతుంది. పెద్దవాళ్ళకి ఇలా చెప్పండి: ఇద్దరికీ కావలసింది పోషణ, కంచం నిండా అన్నం కాదు. నా దగ్గరికొచ్చేవాళ్ళ అత్తగార్లను కూడా లోపలికి పిలిచి నేనే చెప్తాను. నేను చెప్తే వింటారు, మీరు చెప్తే "సన్నబడాలనే పిచ్చి ఇంకా పోలేదు" అంటారు.

రోజుకి ఆరేడు సార్లు కొంచెం కొంచెం తినండి. ప్రతిసారీ ముందు ప్రొటీన్, తర్వాత కూర, చివర్లో చోటుంటే అన్నం. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటుంది, కాబట్టి లెక్క వేసుకుంటే గానీ తెలియదు. పెసరట్టు, ఉడికించిన సెనగలు, గట్టి పెరుగు, పనీర్, ముళ్ళు తీసిన చేప, మెత్తగా ఉడికిన చికెన్ కీమా బాగా పడతాయి. అప్పటికీ చాలకపోతే డాక్టరు చెప్పిన ప్రొటీన్ పొడి మజ్జిగలోనో పాలలోనో కలుపుకోండి. జిమ్ వాళ్ళు అమ్మే డబ్బాలు వద్దు. నీళ్ళు తిండితోపాటు తాగకుండా, అరగంట ఎడంతో గుక్కగుక్కగా తాగండి. కారం మానమని గుంటూరు మనిషిగా నేను చెప్పలేను. కానీ స్లీవ్ తర్వాత ఛాతీలో మంట, గర్భంలో వచ్చే మంట రెండూ కలుస్తాయి. సాయంత్రం ఆరు తర్వాత మాత్రం ఊరమిరపకాయలు, ఆవకాయ పక్కన పెట్టండి. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తినడం ముగించండి.

చెరకు రసం, కూల్ డ్రింకులు, సీమంతంలో వరసగా నోట్లో పెట్టే స్వీట్లు జాగ్రత్త. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనం వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ వాళ్ళకి ఎక్కువ, స్లీవ్ వాళ్ళకీ కొందరికి వస్తుంది.

షుగరు టెస్టు కూడా ఈ కారణంగానే మీకు వేరేగా ఉంటుంది. మన దగ్గర గర్భవతులందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. చాలా ఏళ్ళ క్రితం, నాకు ఈ ఆపరేషన్ల గురించి సరిగా తెలియని రోజుల్లో, బైపాస్ అయిన ఒకామెకు నేనే ఆ నీళ్ళు తాగించాను. ఇరవై నిమిషాల్లో బయట బెంచీ మీద చెమటలు కక్కుతూ పడిపోయింది. తప్పు నాది, ఆమె చరిత్ర రాసిన కాగితం నా చేతిలోనే ఉంది. అప్పటినుంచి వీళ్ళకి ఆ టెస్టు మానేశాను. దానికి బదులు 24 నుంచి 28 వారాల మధ్య ఒక వారం పాటు గ్లూకోమీటర్‌తో ఇంట్లోనే పరగడుపున, తిన్న తర్వాత చూసుకుని పుస్తకంలో రాసుకు రమ్మంటాను. పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు ఉండాలి. పీహెచ్‌సీలోనో ల్యాబ్‌లోనో గ్లూకోజ్ గ్లాసు చేతికిస్తే తాగకండి, ఆపరేషన్ సంగతి చెప్పి మీ డాక్టరుతో మాట్లాడమనండి.

బరువు గురించి టెన్షన్ పడతారని తెలుసు. మొదటి మూడు నెలల్లో ఇంకో రెండు మూడు కిలోలు తగ్గినా బెంబేలెత్తకండి, ఆపరేషన్ వేగం ఇంకా సాగుతోంది. నాలుగో నెల నుంచి తగ్గడం ఆగి మెల్లగా పెరగాలి. మీ బీఎంఐకి కాన్పు దాకా మొత్తం 5 నుంచి 9 కిలోలు పెరిగితే సరిపోతుంది. లక్షలు పోసి తగ్గించుకున్న బరువు పోతుందేమోనని కొందరు గర్భంలో కూడా చపాతీ సగం తుంచి పక్కన పెడతారు. ఆ పని చేయొద్దు. మిగిలిన బరువు కాన్పు తర్వాత తగ్గించుకోవచ్చు.

స్కాన్లు: 11 నుంచి 13 వారాల మధ్య, బిడ్డ మెడ వెనక మందం చూసే ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య టిఫ్ఫా. ఆ తర్వాత 28వ వారం నుంచి నెలకోసారి బిడ్డ ఎదుగుదల స్కాన్. నేనైతే మీలాంటి ఏడాదిలోపు కేసుల్లో 24వ వారం నుంచే మొదలుపెడతాను. బిడ్డ కొంచెం చిన్నగా ఉందని ఒక రిపోర్టులో రాగానే ఏడవకండి. ఒక్క కొలత కంటే నెలనెలా గీత ఎలా పెరుగుతోందన్నది ముఖ్యం. డాప్లర్‌లో రక్తప్రసరణ బాగుంటే చిన్న బిడ్డ అయినా చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు.

కడుపునొప్పి విషయంలో స్లీవ్ వాళ్ళకీ బైపాస్ వాళ్ళకీ తేడా ఉంది. ఇది చదివే బైపాస్ వాళ్ళు జాగ్రత్తగా వినండి. బైపాస్‌లో పేగును కోసి వేరేచోట కలుపుతారు, మధ్యలో సందులు మిగులుతాయి. గర్భాశయం పెరిగే కొద్దీ పేగును పైకి నెడుతుంది, అది ఆ సందులో ఇరుక్కోవచ్చు. ఆరో నెల తర్వాత పొట్ట పైభాగంలో మెలిపెట్టే నొప్పి వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తుంటే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకండి. ఆలస్యమైతే పేగు కుళ్ళి తల్లీబిడ్డల ప్రాణాల మీదికి వస్తుంది. ఇలాంటి ఒకామెకు 30వ వారంలో రాత్రి పదకొండింటికి సర్జన్‌ని పిలిపించి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. అంతకుముందు మూడు రోజులు ఆమె ఈనో తాగుతూ గడిపింది. బిడ్డ 37 వారాలకి పుట్టింది, ఇద్దరూ క్షేమం. మీది స్లీవ్ కాబట్టి ఈ భయం చాలా తక్కువ. అయితే వేగంగా బరువు తగ్గడం, గర్భం రెండూ పిత్తాశయంలో రాళ్ళు తెస్తాయి. కుడివైపు డొక్క కింద నొప్పి వస్తే స్కాన్ చేయించుకోండి.

ఆపరేషన్ అయింది కాబట్టి సిజేరియనే అని ఎవరైనా అంటే నమ్మొద్దు. బరువు ఆపరేషన్ సిజేరియన్‌కి కారణం కాదు. పుట్టింటికి వెళ్ళి కాన్పు చేయించుకునే ఆనవాయితీ ఉంటే వెళ్ళండి, కానీ అక్కడ నెలలు తక్కువ పిల్లలను చూసే ఎన్ఐసీయూ దగ్గర్లో ఉందో లేదో ఏడో నెలకి ముందే కనుక్కోండి. కాన్పు తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి రాయడం మామూలు. బైపాస్ వాళ్ళకి అవి పుండ్లు తెస్తాయి, స్లీవ్ వాళ్ళు కూడా వీలైనంత తప్పించుకోవాలి. పారాసిటమాల్ చాలుతుంది.

పాలు ఇవ్వొచ్చు, హాయిగా ఇవ్వండి. మీ ఒంట్లో బీ12 లేకపోతే పాలలోనూ ఉండదు, బిడ్డ మెదడు ఎదుగుదల మీద దెబ్బ పడుతుంది. బాలింత పథ్యం పేరుతో కారప్పొడి అన్నం ఒక్కటే పెట్టి మాత్రలు ఆపేయించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మాత్రలు, ఇంజెక్షన్లు, ప్రొటీన్ అన్నీ అలాగే సాగాలి.

రిపోర్టులు వచ్చాక ఫెరిటిన్, బీ12, డి విటమిన్ అంకెలు ఇక్కడ రాస్తే నాకు తోచింది చెప్తాను. మందుల మోతాదు మాత్రం మీ డాక్టరే రాయాలి. కాన్పయి ఇంటికి వెళ్ళేలోపు కాపర్-టీయో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ ఐయూడీయో వేయించుకునే వెళ్ళండి. ఈసారి ఆరేళ్ళ లెక్క చెప్పొద్దు.